పెరుగన్నం లేకుండా భోజనం ముగిసేదెలా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లె. నాకు 39 ఏళ్లు. ఆషాఢం మొదట్లో వాంతులు, విరేచనాలతో వారం రోజులు మంచాన పడ్డాను. అది తగ్గింది గానీ, అప్పటి నుంచి పొద్దున్న కాఫీ తాగిన గంటకల్లా కడుపు ఉబ్బరం, గుడగుడలు, ఒక్కోసారి పరుగెత్తాల్సి వస్తోంది. రాత్రి పెరుగన్నం తిన్నా అంతే. డాక్టరుగారు పాలు పడట్లేదు, కొన్నాళ్లు మానేయమన్నారు. రెండు నెలలైంది. పాలు ముట్టని రోజున కూడా అప్పుడప్పుడు ఉబ్బరం వస్తోంది. పెరుగు చలవ, మానితే వేడి చేస్తుందంటారు మా అత్తగారు. ఆఖర్న పెరుగన్నం పడకపోతే నాకూ అన్నం తిన్నట్టుండదు. నెయ్యి కూడా మానేశాను. మేం చేపలు తింటాం. ఎముకలకి కాల్షియం ఎలా? చవితికి పాలతాలికలు ఎలా చెయ్యాలి? ఇంకొకటి, మా ఆడపడుచు బాబుకి 11 నెలలు. పోతపాలు పట్టిన కాసేపటికే ఒళ్లంతా దద్దుర్లు వస్తున్నాయి, ఒకసారి పెదవులు వాచాయి. నాదీ వాడిదీ ఒకటేనా?

సమాధానం: ముందు బాబు సంగతి చూద్దామమ్మా, అది వాయిదా వేసేది కాదు. మీదీ వాడిదీ ఒకటి కాదు. పాలు తాగిన నిమిషాల్లో దద్దుర్లు, పెదవుల వాపు వచ్చాయంటే అది పాలలోని మాంసకృత్తులకి వచ్చే అలర్జీ లక్షణం. మీకు ఎంత తాగారన్నది లెక్క, వాడికి చుక్క కూడా లెక్కే. పిల్లల డాక్టరుకి చూపించేదాకా పాలు, పెరుగు, వెన్న, పాలపొడి కలిసిన బిస్కట్లు ఏవీ పెట్టొద్దని మీ ఆడపడుచుకి చెప్పండి. నెయ్యి కాచినా అందులో ఆ మాంసకృత్తుల జాడ మిగిలే ఉంటుంది, కాబట్టి పప్పన్నంలో నెయ్యి కూడా ఆపాల్సిందే. ఆవుపాలు పడకపోతే గేదెపాలు, అవీ పడకపోతే మేకపాలు అని మారుస్తుంటారు. వాటి మాంసకృత్తులు ఒకదానికొకటి బాగా దగ్గర పోలికలో ఉంటాయి కాబట్టి ఒకటి పడని బిడ్డకి మిగతావీ సాధారణంగా పడవు. వీధిలోకి తెచ్చి పిండి ఇచ్చే గాడిదపాలు పచ్చివి, వాటి జోలికి అసలు పోవద్దు. ‘లాక్టోజ్ లేని’ అని డబ్బా మీద రాసిన పాలపొడీ పనికిరాదు. అందులో చక్కెర మాత్రమే తీసేస్తారు, మాంసకృత్తులు అలాగే ఉంటాయి. తల్లిపాలు ఇస్తుంటే ఆపనక్కర్లేదు. తల్లి తన తిండిలో పాలు మానాలా వద్దా అన్నది, బాబుకి ప్రత్యేకమైన పొడి కావాలా అన్నది డాక్టరు చెప్పాలి. ఎప్పుడైనా దద్దుర్లతో పాటు ఆయాసం, పిల్లికూతలు, ఆగని వాంతులు, బిడ్డ వాలిపోవడం కనిపిస్తే క్షణం ఆలస్యం చెయ్యకుండా 108కి ఫోన్ చెయ్యండి. మళ్లీ కొంచెం పట్టి చూద్దామన్న ప్రయోగం ఇంట్లో వద్దే వద్దు.

ఇక మీ కడుపు. పాలకి తీపినిచ్చేది లాక్టోజ్ అనే చక్కెర. దాన్ని అరిగించే లాక్టేజ్ అనే ఎంజైము చిన్నపేగు లోపలి గోడ మీద, సన్నని నూగులాంటి మొలకల కొసల్లో ఉంటుంది. గట్టిగా విరేచనాలు పట్టుకున్నప్పుడు ముందు దెబ్బతినేవి ఆ కొసలే. అరగని చక్కెర పెద్దపేగులోకి జారి, నీటిని లాక్కుంటుంది. అక్కడి బాక్టీరియా దాన్ని పులియబెట్టి గాలి పుట్టిస్తుంది. మీ గుడగుడలూ, పరుగూ అవే. తాగిన అరగంట నుంచి రెండు గంటల్లోపు మొదలవడానికి కారణం కూడా అదే. దెబ్బతిన్న కొసలు సాధారణంగా కొన్ని వారాల్లో, ఒక్కోసారి కొన్ని నెలల్లో మళ్లీ మొలుస్తాయి. మనలో చాలామందికి వయసుతో పాటు ఈ ఎంజైము దానంతటదే తగ్గిపోతుందనుకోండి, మీది ఏ రకమో కొన్నాళ్లు పోతే గానీ తెలీదు. కాబట్టి జన్మంతా పాలు మానేయాలని ఇప్పుడే అనుకోవద్దు.

మీ విషయంలో అంతా మోతాదు లెక్క. 200 మిల్లీలీటర్ల గ్లాసు పాలల్లో, ఆవువైనా గేదెవైనా, దాదాపు 10 గ్రాముల లాక్టోజ్ ఉంటుంది. ఎంజైము తగ్గిన పెద్దవాళ్లలో చాలామంది, తిండితో కలిపి తీసుకుంటే, ఒక్కసారికి 12 గ్రాముల దాకా పెద్ద ఇబ్బంది లేకుండా తట్టుకుంటారు. మీకు మాత్రం ఇప్పుడు పేగు పుండులా ఉంది గనుక ఆ హద్దు బాగా కిందికి దిగింది. పెరుగులో కొంత లాక్టోజ్‌ని తోడు బాక్టీరియాయే తినేస్తుంది. అందుకే పాలకంటే పెరుగు మెరుగు, కమ్మటి పెరుగుకంటే కాస్త పులిసినది మెరుగు. కోవాలో పాలసారమంతా చిక్కబడి ఉంటుంది కాబట్టి చిన్న ముక్కైనా ఎక్కువే. పాలపొడి చెంచాడు, అంటే 10 గ్రాములు, వేసుకుంటే 4 గ్రాముల లాక్టోజ్ వేసుకున్నట్టే. నెయ్యిలో మాత్రం దాదాపు ఏమీ ఉండదు. ముద్దపప్పులో నెయ్యి మీరు అనవసరంగా మానుకున్నారు. ఈ రోజే మళ్లీ వేసుకోండి. ఊరమిరపకాయలు మజ్జిగలో ఊరినవే అయినా, రెండు నంజుకుంటే మీకేమీ కాదు.

పాలు ముట్టని రోజున ఉబ్బరం ఎందుకన్నారు. రెండు దారులు వెతకాలి. మొదటిది కనపడని పాలు: బేకరీ రొట్టె, టీలో ముంచుకునే బిస్కట్లు, కారం చల్లిన చిప్సు, పొట్లాల్లో దొరికే సూపు పొడి, హోటల్లో చిక్కటి మసాలా కూరలు. పొట్లం వెనక చిన్నక్షరాల్లో మిల్క్ సాలిడ్స్, వే పౌడర్, స్కిమ్డ్ మిల్క్ పౌడర్ అని ఉందేమో చూడండి. మన దేశంలో అమ్మే పొట్లం తిండి మీద, పాలు కలిస్తే ఆ మాట అలర్జీ హెచ్చరికగా విడిగా రాసి తీరాలి. మాత్రల్లో కూడా లాక్టోజ్ కలుపుతారు గానీ అది మిల్లీగ్రాముల్లో ఉంటుంది. దానికోసం మందులు మానకండి.

రెండో దారి ఎక్కువమంది మరిచిపోయేది. వారం విరేచనాలు అయిన పేగు పాలనొక్కదాన్నే కాదు, గాలి పుట్టించే మిగతావాటినీ కొన్నాళ్లు సహించదు. ఉల్లిపాయ, శనగలు, శనగపప్పు, జీడిపప్పు, గోధుమ, పనసతొనలు ఆ జాబితాలో ముందుంటాయి. పాలు మానిన రోజునే పెసరట్టులో ఉల్లిపాయలు దండిగా వేసుకుని, సాయంత్రం శనగల గుగ్గిళ్లు తిని, ‘పాలు మానినా తగ్గలేదు’ అనుకోవడం సహజం. ఒక చిన్న పుస్తకంలో తిన్నది, తిన్న వేళ, ఉబ్బరం వచ్చిన వేళ రెండు వారాలు రాయండి. మనసులో గుర్తుపెట్టుకుంటానంటే కుదరదు. కారణం నిన్న రాత్రి తిండిలో కూడా ఉండొచ్చు. ఇంగువ, ఆవాలు, కరివేపాకు పోపుతో ఉల్లి లేని వంట ఆ రెండు వారాలూ చేసుకోండి. మన కంద బచ్చలి ఆవపెట్టిన కూర, గుమ్మడికాయ పులుసు, పొట్లకాయ వేపుడు, బీరకాయ పచ్చడి ఉల్లి లేకపోయినా ఏ లోటూ లేనివే.

నిజానికి కోనసీమ వంటిల్లు పాల మీద నిలబడింది కాదు. బియ్యం, కొబ్బరి, బెల్లం, నువ్వులు, చింతపండు, చేప మీద నిలబడింది. పాకుండల్లో, పూర్ణంబూరెల్లో, చలిమిడిలో, దిబ్బరొట్టెలో, పనసపొట్టు కూరలో పాలెక్కడున్నాయి? ఆత్రేయపురం పూతరేకు కూడా బియ్యప్పిండి రేకు, నెయ్యి, పంచదార లేదా బెల్లమే. మీకు నిక్షేపంగా పనికొస్తుంది (కొత్తగా వస్తున్న చాక్లెట్ రకాల్లో మాత్రం పాలపొడి ఉండొచ్చు). పాలు గట్టిగా కూర్చున్నవి మూడే చోట్లు: పొద్దున్న కాఫీ, భోజనం ఆఖర్న పెరుగు, పండగ పాయసం. ఈ మూడింటికీ దారి చూసుకుంటే వంటింట్లో మార్చాల్సింది ఇంకేమీ లేదు. ఖరీదైన బాదంపాల డబ్బాలు కొనే పనీ లేదు.

అన్నిటికన్నా కష్టం పెరుగు. దానికి మంచి బదులు వేరుశనగ పెరుగు. 150 గ్రాముల పచ్చి వేరుశనగ గుళ్లు తీసుకోండి. ముడతపడినవి, నల్లబడినవి, బూజు వాసనున్నవి ఒక్కటి కూడా ఉండకుండా ఏరెయ్యండి. వానాకాలం నిలవున్న గుళ్లలో పట్టే బూజు విషం మరిగించినా పోదు. ఎనిమిది గంటలు నానబెట్టి, గుప్పెట్లో నలిపితే ఎర్రపొర ఊడొస్తుంది. అది తీసేస్తే వగరు పోతుంది. ముందు ఒక గ్లాసు నీళ్లతో వెన్నలా రుబ్బి, ఇంకో రెండు గ్లాసుల నీళ్లు కలిపి, పలచని గుడ్డలో వడకట్టి పిండండి. ఆ పిప్పి పారెయ్యకుండా బీరకాయ కూరలో వేసుకోవచ్చు. పిండగా వచ్చిన వేరుశనగ పాలని అడుగు మందమున్న గిన్నెలో సన్నసెగ మీద పెట్టి గరిటె తియ్యకుండా కలుపుతూ, పొంగు వచ్చాక పది నిమిషాలు మరగనివ్వాలి. మధ్యలో వదిలేస్తే అడుగంటుతుంది, ఆ మాడు వాసన పెరుగు మొత్తానికీ పడుతుంది. తక్కువ మరిగితే పచ్చి చిక్కుడు వాసన వేస్తుంది. దించబోయే ముందు ఒక చెంచా బియ్యప్పిండిని చల్లటి నీళ్లలో కలిపి పోసి రెండు నిమిషాలు ఉడికిస్తే పెరుగు గట్టిగా తోడుకుంటుంది.

తోడు సంగతికొస్తే మీకు సులువు. మీకు అలర్జీ కాదు కాబట్టి మామూలు పెరుగు ఒక చెంచా వేసినా చాలు, అరలీటరులో ఆ చెంచాడు లాక్టోజ్ లెక్కలోకి రాదు. గోరువెచ్చగా, వేలు పెడితే హాయిగా ఓర్చుకునేలా ఉన్నప్పుడు కలపండి. వేడి మీద వేస్తే తోడు చచ్చిపోతుంది. పాల జాడే పనికిరాని ఇంట్లో అయితే పచ్చిమిరపకాయల తొడిమలు ఎనిమిది, పది కడిగి, తుడిచి, ఆ గోరువెచ్చని పాలలో ముంచి మూత పెడతారు. తొడిమల మీదుండే బాక్టీరియాయే తోడవుతుంది. మొదటిసారి తోడుకున్నది వదులుగా, కాస్త ఘాటుగా ఉంటుంది. దాన్ని తినకుండా తొడిమలు తీసేసి, అందులోంచి రెండు చెంచాలు కొత్త పాలకి తోడు వెయ్యండి. రెండోసారి వచ్చేదే అసలు పెరుగు. మన ఎండాకాలంలో ఐదారు గంటల్లో తోడుకుంటుంది. ఈ ముసురు రోజుల్లో ఎనిమిది గంటలు పడుతుంది. పుష్యమాసంలో రాత్రంతా బియ్యం డబ్బాలో కూర్చోబెట్టండి. నీరు విడిపోయిందంటే ఎక్కువసేపు ఉంచేశారన్నమాట. ఆ నీరు వంచేసి చిలికితే పనికొస్తుంది. తీగలు సాగినా, గులాబీ, నలుపు మచ్చలు కనిపించినా మొత్తం పారబొయ్యాలి, పైపైన తీసేస్తే సరిపోదు. ఫ్రిజ్‌లో పెట్టి రెండు రోజుల్లో వాడెయ్యండి. రుచి అచ్చం గేదె పెరుగులా ఉంటుందని చెప్పను. వేరుశనగ కమ్మదనం కొంచెం తెలుస్తుంది. అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు పోపు పెట్టి కలిపిన అన్నంలో అది మరుగున పడుతుంది. పక్కన మాగాయ ఉంటే ఇక చెప్పక్కర్లేదు. వేరుశనగలో కూడా గాలి పుట్టించే గుణం కొంచెం ఉంది గనుక మొదటి మూడు రోజులు నాలుగు చెంచాలు దాటొద్దు. వేరుశనగ అలర్జీ ఉన్న ఇంట్లో ఈ దారి లేదు. బాబుకీ డాక్టరు చెప్పకుండా రుచి చూపించొద్దు.

అంత ఓపిక లేని రోజున కొబ్బరిపాలతో పని కానివ్వండి. చిక్కటి కొబ్బరిపాలు ఒక గ్లాసు, ఉప్పు, అల్లం తురుము, పోపు, ఆఖర్న అరచెక్క నిమ్మరసం. అన్నం మాత్రం పూర్తిగా చల్లారి ఉండాలి. వేడన్నంలో పోస్తే పాలు విరిగి నూనె తేలుతుంది.

మీ అత్తగారి మాట తోసెయ్యకండి. పెరుగు, మజ్జిగ ఎండలో పనిచేసే ఒంటికి నీరు, ఉప్పు, పులుపు అందిస్తాయి. చలవ అని పెద్దవాళ్లు అనేదాంట్లో ఆ అనుభవం ఉంది. ఆ పని చెయ్యగల ఇంకొకటి ఆవిడకి మీకంటే బాగా తెలిసి ఉంటుంది, అది తరవాణి. గంజి, బియ్యం కడిగిన నీళ్లు కుండలో పోసి పులియబెట్టి, ఆ పుల్లటి నీళ్లలో అన్నం వేసుకుని పొద్దున్నే తినే అలవాటు మన ఊళ్లలో పాతదే. పాలచుక్క లేని పులుపు అది. అడిగితే కుండ ఎలా నడపాలో ఆవిడే చూపిస్తారు. ఈ వంటల్లో ఒకటి ఆవిడ చేతిమీదుగా జరిగితే, ఇంట్లో వాదన సగం తగ్గుతుంది కూడా. కుండ పెట్టలేకపోతే తేలిక పద్ధతి: రాత్రి వండిన అన్నం వెడల్పు పళ్లెంలో పరిచి ఆరబెట్టి, గంటలోపే మట్టిపాత్రలో వేసి, కాచి చల్లార్చిన నీళ్లు అన్నానికి రెండింతలు పోసి మూత పెట్టండి. పొద్దున్నకి నీళ్లు తెల్లబడి సన్నటి పులుపు వస్తుంది. ఉప్పు, దబ్బాకు, పచ్చిమిర్చి నలిపి వేసుకోండి. అన్నాన్ని పొడిగా, వెచ్చగా గంటల తరబడి వదిలేసి తర్వాత నీళ్లు పొయ్యడం ప్రమాదం. ఆ వెచ్చదనంలో పెరిగే బాక్టీరియా విడిచే విషంతోనే వాంతులు పట్టుకునేది, మళ్లీ వేడి చేసినా ఆ విషం చావదు. జిగురు వచ్చినా, వాసన మారినా పారెయ్యండి. మధ్యాహ్నానికి మిగల్చకండి.

మజ్జిగపులుసు తినాలనిపిస్తే, రెండు చెంచాల శనగపప్పు స్థానంలో నానిన బియ్యం రెండు చెంచాలు, కొబ్బరి తురుము గుప్పెడు, ధనియాలు, పచ్చిమిర్చి, అల్లం రుబ్బండి. సొరకాయ ముక్కలు ఉడికాక ఈ ముద్ద వేసి చిక్కబడనిచ్చి, సెగ తగ్గించి పలచని కొబ్బరిపాలు రెండు గ్లాసులు పొయ్యండి. అంచులు కదులుతుండగానే దించి, గిన్నె పొయ్యి దిగాకే నిమ్మరసం పిండండి. ఆవడలకైతే వేరుశనగ పెరుగు చిలికి, కొబ్బరి, పచ్చిమిర్చి, ఉప్పుతో కలిపి రుబ్బిన ఒక చెంచా ఆవ అందులో కలపండి. ఆవ మరీ ఎక్కువసేపు రుబ్బితే చేదెక్కుతుంది.

కొబ్బరిపాలు తీసే తీరు కూడా చెప్పాలి, చవితి పాయసం దాని మీదే ఆధారపడుతుంది. లేతకాయలో పాలు దిగవు. ఊపితే నీళ్లు కదిలే ముదురుకాయ కావాలి. నల్లపొర చెక్కేస్తే పాలు తెల్లగా వస్తాయి, చెక్కకపోయినా రుచికి లోటు లేదు. తురుముకి ముప్పావు గ్లాసు వేడినీళ్లు, చెయ్యి పెడితే ఓర్చుకునేంత, పోసి పది నిమిషాలు ఉంచి, మిక్సీలో తిప్పి గుడ్డలో పిండితే చిక్కటిపాలు. అదే పిప్పికి గ్లాసున్నర నీళ్లు పోసి మళ్లీ తిప్పితే పలచటిపాలు. రెండూ విడివిడిగా ఉంచుకోవాలి, కలిపేస్తే పాయసం చెడినట్టే. కొబ్బరిపాలని కలిపి ఉంచేది అందులోని కొద్దిపాటి మాంసకృత్తు. గట్టిగా మరిగితే అది గడ్డకట్టి నూనె పైకి తేలుతుంది. బయట ఉంచితే మూడు నాలుగు గంటల్లో పులుస్తాయి కూడా. ఎక్కువ తీస్తే ఐసు గడ్డల గిన్నెలో పోసి గడ్డకట్టించి పెట్టుకోండి.

పాలతాలికలకి ఒక గ్లాసు నీళ్లు చిటికెడు ఉప్పు, ఒక చెంచా బెల్లం వేసి తెర్లనిచ్చి, సెగ తగ్గించి గ్లాసు బియ్యప్పిండి పోసి కలిపి మూత పెట్టి దించండి. ఐదు నిమిషాల తర్వాత, ఇంకా వేడిగా ఉండగానే నెయ్యి చేత్తో మెత్తగా మదాయించాలి. చల్లారాక కలిపితే తాలికలు పగుళ్లిచ్చి పాలలో విరిగిపోతాయి. తాలికలు చేసుకుని పావుగంట ఆరనివ్వండి. ఇటు రెండు చెంచాల సగ్గుబియ్యం అరగంట నానబెట్టి, పలచటి కొబ్బరిపాలు, ఒక గ్లాసు నీళ్లు కలిపి అందులో ఉడికించండి. సగ్గుబియ్యం అద్దాల్లా మారాక తాలికలు కొద్దికొద్దిగా వెయ్యండి. వేసిన వెంటనే గరిటె పెట్టకూడదు. రెండు నిమిషాలు వాటి మానాన వదిలేస్తే పైపొర గట్టిపడి విడివిడిగా తేలతాయి. ముప్పావు గ్లాసు బెల్లం వేరే గిన్నెలో పావు గ్లాసు నీళ్లతో కరిగించి, ఇసక లేకుండా వడకట్టి, చల్లారనివ్వండి. తాలికలు ఉడికాక పొయ్యి ఆపి, ఐదు నిమిషాలాగి బెల్లం నీళ్లు, ఆ తర్వాత చిక్కటిపాలు, ఏలకులపొడి కలిపితే అయిపోయింది. ఆవుపాలైనా బెల్లానికి విరగడం మీరు చూసే ఉంటారు. బెల్లంలో పులుపు ఉంటుంది, వేడి తోడైతే ఏ పాలైనా తట్టుకోవు. మీకు నెయ్యి పనికొస్తుంది కాబట్టి కొబ్బరి ముక్కలు నేతిలో వేయించి వేసుకోండి. ఉడికినప్పుడు చిక్కగా లేదని ఇంకా మరిగించొద్దు. గంట పోతే సగ్గుబియ్యం, తాలికలు పీల్చుకుని అదే చిక్కబడుతుంది.

కాఫీకి కొబ్బరిపాలు అంత బాగా నప్పవు. డికాషన్ పులుపుకి విరుగుతాయి. శొంఠి కాఫీయో, అల్లం వేసిన పాలు లేని టీయో అలవాటు చేసుకుంటే ఆ గంట గడిచిపోతుంది.

ఒక మాట గట్టిగా పట్టుకోండి. కొబ్బరిపాలు రంగులో పాలు, బలంలో కాదు. అందులో కొవ్వు తప్ప మాంసకృత్తులు, కాల్షియం చెప్పుకోదగ్గంత ఉండవు. ఆ లోటు వేరేచోట పూడ్చాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం పెద్దవాళ్లకి రోజుకి 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. గ్లాసు పాలల్లో సుమారు 240 వచ్చేది. 50 గ్రాముల రాగిపిండి జావలో 180 దాకా వస్తుంది. 50 గ్రాముల మునగాకు పప్పులో వేస్తే దాదాపు 150. రెండు చెంచాల పొట్టుతో ఉన్న నువ్వులు 120 పైన. ఈ నువ్వుల దగ్గరే చాలామంది పొరపాటు పడతారు. తెల్లగా మెరిసే, పొట్టు తీసిన నువ్వుల్లో కాల్షియం బాగా తగ్గిపోతుంది, అది పొట్టులోనే ఉంటుంది గనుక. అయితే పొట్టులోని కాల్షియంలో కొంత ఆక్సలేట్ అనే పదార్థంతో ముడిపడి ఒంటికి పట్టదు. అందుకే చిమ్మిలి ఒక్కటే తింటే సరిపోదు, పక్కన రాగీ, ఆకూ ఉండాలి. పాలకూర కూడా ఆ ఆక్సలేట్ వల్లే కాగితం మీద ఉన్నంత ఇవ్వదు. అవిసాకు దొరికితే వదలకండి. మీరు చేపలు తింటారు కాబట్టి నెత్తళ్లు, పరిగెలు లాంటి చిన్నచేపలు ముల్లుతో సహా నమిలి తినేలా వేపుడో, ఇగురో చేసుకోండి. కాల్షియం ఉండేది ఆ ముల్లులోనే. ఎండు నెత్తళ్లయితే తలలు తుంచి, గోరువెచ్చని నీళ్లలో మూడుసార్లు కడిగితే ఇసక, ఉప్పు పోతాయి. చేప, గుడ్డు ముట్టని ఇళ్లలో పాలు మానితే బి12 విటమిన్ వచ్చే దారి మూసుకుపోతుంది. వాళ్లు రక్తపరీక్ష చేయించుకుని డాక్టరు చెప్పిన మాత్ర వాడాలి. కాల్షియం మాత్ర అవసరమంటే భోజనం కాగానే వేసుకోండి, ఒక్కసారికి 500 మిల్లీగ్రాములు మించితే పట్టేది తగ్గుతుంది.

బరువు తగ్గిపోతున్నా, విరేచనంలో రక్తం కనిపించినా, రాత్రి నిద్రలోంచి లేపేలా విరేచనాలు వస్తున్నా, జ్వరం తగులుతున్నా ఇదంతా పక్కనపెట్టి కడుపు డాక్టరు దగ్గరికి వెళ్లండి. అది పాల గొడవ కాదు. అవేమీ లేకుండా సందేహం మాత్రమే ఉంటే, పెద్ద ఆసుపత్రుల్లో లాక్టోజ్ తాగించి ఊపిరిలో హైడ్రోజన్ కొలిచే పరీక్ష ఉంది.

రెండు వారాలు పుస్తకం రాస్తూ, కనపడని పాలతో సహా మానేశాక ఉబ్బరం తగ్గితే, మళ్లీ మొదలుపెట్టే వరస ఇదీ. మూడు రోజులు మధ్యాహ్నం అన్నం మధ్యలో అరగ్లాసు పలచటి మజ్జిగ, ఒక వంతు పెరుగుకి నాలుగు వంతులు నీళ్లు. కడుపు ఊరుకుంటే తర్వాత మూడు రోజులు బాగా తోడుకున్న పెరుగు మూడు చెంచాలు. ఆపైన మూడు రోజులు ఆరు చెంచాలు. అప్పటికీ బాగుంటే పొద్దున్న టిఫిను తిన్నాక, పరగడుపున మాత్రం కాదు, 50 మిల్లీలీటర్ల పాలతో చిన్న కాఫీ. ఎక్కడ గుడగుడలు మొదలైతే అక్కడ ఒక మెట్టు దిగి నాలుగు వారాలు ఆగి, మళ్లీ అదే మెట్టు ప్రయత్నించండి. ఆషాఢం జబ్బు వల్ల వచ్చిందే అయితే కార్తీకం నాటికి మీ మెట్టు పైకి జరుగుతూ ఉండాలి. సంక్రాంతి దాటినా మూడు చెంచాల దగ్గరే ఆగిపోతే, అది మీ ఒంటి తీరే అనుకుని, ఆ మూడు చెంచాలూ భోజనం ఆఖరి ముద్దకి ఉంచుకుని, మిగతాదానికి వేరుశనగ గిన్నె తోడు వేసుకోండి.